నిశ్చితార్థం ఉంగరం: నీలమా, వజ్రమా? అంతకన్నా ముందు బంగారం సంగతి

ఉంగరం కొనడానికి వెళ్ళినవాళ్ళ కళ్ళు ముందు రాయి మీదే పడతాయి. షాపులోనూ ట్రే ముందుకు జరిపి, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూపించేది రాయినే. నా సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు లోహం తేల్చుకోండి, రాయి సంగతి తరవాత చూడొచ్చు. ఉంగరంలో ఉన్నవి రెండు వేర్వేరు వస్తువులు. బంగారానికి బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ) హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర ఉంది, రాయికి అలాంటి ముద్ర ఏదీ లేదు. "హాల్‌మార్క్ ఉందండీ, ఇంకేం టెన్షన్ పడకండి" అని కౌంటర్లో కుర్రాడు అంటే, ఆ మాట బంగారం వరకే నిజం. అదే ముద్ర ఉన్న ఉంగరంలో ల్యాబ్‌లో పెంచిన వజ్రం ఉండొచ్చు, గాజు నింపిన నీలం ఉండొచ్చు, వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే వేరే రాయి కూడా ఉండొచ్చు. హాల్‌మార్క్ వేసే కేంద్రం రాయి జోలికే పోదు.

మనవైపు నిశ్చితార్థానికి రెండు ఉంగరాలు కావాలి. అబ్బాయి వాళ్ళు అమ్మాయికి, అమ్మాయి వాళ్ళు అబ్బాయికి పెడతారు. బెజవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, గవర్నర్‌పేటలో కొన్నా, గుంటూరు పట్నంబజారులో తెలిసిన షాపులో కొన్నా, అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ముద్ర చదవడం

బంగారు నగలకు హాల్‌మార్కింగ్ 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ (ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) లేని పాత తరహా ముద్రతో కొత్త నగ అమ్మకూడదు. ఉంగరం లోపలి వైపు మూడు గుర్తులు కనిపించాలి: త్రిభుజం ఆకారంలో బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ. స్వచ్ఛత 22 క్యారెట్లయితే 22కే916 అని, 18 అయితే 18కే750 అని, 14 అయితే 14కే585 అని ఉంటుంది. ఇవి లేజర్‌తో చెక్కిన సన్నటి గీతలు, మామూలు కంటికి నలకల్లా కనిపిస్తాయి. షాపులో పది రెట్ల భూతద్దం ఉంటుంది, అడిగి తీసుకోండి. ఉంగరాన్ని లైటుకు ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పితే ఒక కోణంలో అక్షరాలు తేలతాయి.

చదివి ఊరుకుంటే సరిపోదు. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, 'వెరిఫై హెచ్‌యూఐడీ' దగ్గర ఆ ఆరూ కొట్టండి. నగ ఏ రకం, స్వచ్ఛత ఎంత, ముద్ర ఏ కేంద్రంలో వేశారు, ఏ వ్యాపారి వేయించారు అన్న వివరాలు వస్తాయి. మీ చేతిలో ఉన్నది ఉంగరమైతే యాప్‌లో కూడా ఉంగరం అనే రావాలి. చెవిదిద్దులనో గొలుసు అనో వస్తే ఆ నగ పక్కన పెట్టేయండి, వివరణలు వినక్కర్లేదు. ఇదంతా డబ్బు కట్టకముందే, కౌంటర్ దగ్గరే చేయాలి. పది మంది బంధువులతో వెళ్ళినప్పుడు మొహమాటం అడ్డొస్తుంది. ఎవరో ఒకరు ఆ పనికే కేటాయించుకుని వెళ్ళడం మంచిది.

ఇక్కడ ఒక చిన్న సందు ఉంది. రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ఇప్పుడు అమ్మాయిలు ఇష్టపడే సన్నటి ఉంగరాలు చాలావరకు ఆ హద్దు చుట్టుపక్కలే తూగుతాయి. 1.8 గ్రాముల ఉంగరాన్ని ముద్ర లేకుండా అమ్మినా అది చట్టవిరుద్ధం కాదు. అయినా వేయించి ఇమ్మని అడగండి. హాల్‌మార్కింగ్ ఖర్చు నగ ఒక్కింటికి పదుల రూపాయల్లోనే ఉంటుంది, బరువును బట్టి మారదు. అంత చిన్న ఖర్చుకు వెనకాడే షాపు గురించి మీరే ఆలోచించుకోండి.

"916 కేడీఎం" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కేడీఎం అంటే కాడ్మియంతో వేసిన టంకం. అది స్వచ్ఛతకు హామీ కాదు, పైగా ఆ పొగ పనివాళ్ళ ఊపిరితిత్తులకు హాని. హాల్‌మార్క్‌కు బదులుగా ఆ మాట చెబితే ఒప్పుకోకండి.

ముద్రలో చెప్పినంత స్వచ్ఛత లేదని పరీక్షలో తేలితే, 2018 బీఐఎస్ నిబంధనల ప్రకారం తగ్గిన స్వచ్ఛత విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో కలిపి మీకు పరిహారం రావాలి. బిల్లు లేకపోతే మాత్రం ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

22, 18, 14, ప్లాటినమ్

పెద్దవాళ్ళకు 22 క్యారెట్లు అంటేనే బంగారం. "18 ఏంటమ్మా, రేపు అమ్మితే ఏమొస్తుంది?" అన్న మాట ఇంట్లో వస్తుంది. గొలుసుకూ గాజులకూ ఆ లెక్క సరైనదే. రాయి పొదిగే ఉంగరానికి మాత్రం నేను 18 వైపే ఉంటాను. 22 క్యారెట్ల బంగారం మెత్తన. రాయిని పట్టి ఉంచే కొక్కేలు బట్టలకూ బండి హ్యాండిల్‌కూ తగిలి కొంచెం కొంచెంగా వంగుతాయి, ఒకరోజు చూస్తే రాయి ఉండదు. 18లో 75 శాతం బంగారం, మిగతాది వెండి, రాగి లాంటివి కలుస్తాయి కాబట్టి గట్టిగా ఉంటుంది. 14 ఇంకా గట్టిది, ధరా తక్కువే, కానీ మన కళ్ళకు అలవాటైన పసుపు ఛాయ అందులో కాస్త వెలిసినట్టు ఉంటుంది. అబ్బాయికి రాయి లేని సాదా ఉంగరం అయితే 22 తీసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

వైట్ గోల్డ్ తెల్లగా మెరిసేది పైన వేసే రోడియం పూత వల్ల. రోజూ పెట్టుకునే ఉంగరానికి ఆ పూత కొన్నాళ్ళకు అరుగుతుంది, లోపలి లేత పసుపు బయటపడుతుంది. మళ్ళీ పూత వేయించుకోవాలి. కొన్ని వైట్ గోల్డ్ మిశ్రమాల్లో నికెల్ ఉంటుంది. చర్మం దురద పెట్టే తత్వం ఉన్నవాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాలి.

ప్లాటినమ్‌కు ఆ పూత బాధ లేదు, రంగు సొంతం. 95 శాతం స్వచ్ఛతకు గుర్తుగా పీటీ950 అని ముద్ర ఉంటుంది. అయితే బంగారానికి ఉన్నట్టు దీనికి మన దేశంలో తప్పనిసరి హాల్‌మార్క్ లేదు. ప్లాటినమ్ నగల వ్యాపార సంస్థ అయిన ప్లాటినమ్ గిల్డ్ హామీ కార్డు ఇస్తారు, అది తప్పక తీసుకోండి. ఇంకో చిక్కు ఏమిటంటే ఇది కరగడానికి 1768 డిగ్రీలు కావాలి, బంగారానికి 1064 చాలు. సైజు మార్చాల్సి వస్తే వన్‌టౌన్‌లో మనకు తెలిసిన కంసాలి దగ్గర అయ్యే పని కాదు. కొన్న షాపుకే పంపాలి, వాళ్ళు ఇంకెక్కడికో పంపుతారు.

బిల్లులో రెండు లెక్కలు

మొదటిది రేటు. 18 క్యారెట్ల నగకు 18 రేటే వేయాలి. ఉదాహరణకు 22 క్యారెట్ల గ్రాము రేటు 10,000 అనుకుంటే, 18 క్యారెట్లది సుమారు 8,190 రూపాయలు రావాలి. రెండోది బరువు. స్థూల బరువులో రాయి బరువు తీసేశాకే బంగారం లెక్క. రాయి తూకంలో ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు. ఉంగరం మొత్తం 4.20 గ్రాములు తూగి, అందులో అర క్యారెట్ వజ్రం ఉంటే, బంగారం 4.10 గ్రాములు. వజ్రంలో తేడా చిన్నదే. కానీ నాలుగైదు క్యారెట్ల నీలం పొదిగితే దాదాపు ఒక గ్రాము రాయికి బంగారం రేటు కట్టినట్టవుతుంది.

తరుగు, మజూరీ విడివిడిగా రాయించండి. "తరుగు లేదు" అని బోర్డు ఉన్నచోట మజూరీ ఎంత వేశారో చూడండి, "మజూరీ సగమే" అన్నచోట రాయి ధర ఎలా ఉందో చూడండి. చివరి మొత్తం మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది.

ఇక రాయి: రెండూ గట్టివే, గట్టితనం తీరు వేరు

కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు గని ఉన్నది మన కృష్ణ ఒడ్డునే, పాత గుంటూరు జిల్లాలో. ఆ ప్రాంతం ఇప్పుడు పులిచింతల జలాశయం వైపు ఉంది. కంచికచర్ల దగ్గరి పరిటాలకూ వజ్రాల ఊరన్న పేరుంది. అందుకే కాబోలు వజ్రం అంటే మనకు పరాయిది అనిపించదు. నీలం మాత్రం ఎప్పుడూ బయటి నుంచి వచ్చిందే: శ్రీలంక, బర్మా, కాశ్మీరం, ఈ మధ్య మడగాస్కర్.

కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10, నీలం 9. మన ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువులు 7 దగ్గర ఉంటాయి కాబట్టి రెండూ రోజువారీ వాడకానికి పనికొస్తాయి. ఇదే నీలం రంగులో దొరికే టాంజనైట్ 7 లోపే, రోజూ పెట్టుకునే ఉంగరానికి వద్దు. వజ్రం గీతలు పడదు గానీ, కొన్ని దిశల్లో గట్టి దెబ్బ తగిలితే చీలుతుంది. నీలానికి ఆ చీలే గుణం లేదు, బదులుగా ఏళ్ళు గడిచేకొద్దీ అంచులు కాస్త మొద్దుబారతాయి, మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు.

రోజూ కనిపించే తేడా ఇంకొకటి ఉంది. వజ్రానికి జిడ్డు అంటుకునే గుణం ఎక్కువ. గనుల్లో గ్రీజు పూసిన బల్ల మీద రాళ్ళూ నీళ్ళూ పారించి, అతుక్కున్న వజ్రాలను ఏరేవాళ్ళు, అంతగా పడుతుంది. చేత్తో పప్పన్నంలో నెయ్యి కలుపుకుని తినే ఇంట్లో, వజ్రం వెనక సన్నటి జిడ్డు పొర పేరుకుని వారం పది రోజుల్లోనే మెరుపు మందగిస్తుంది. రాయి పోయిందని కంగారు పడకండి. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు వేసి, మెత్తటి పాత టూత్ బ్రష్‌తో రాయి కింది వైపు నుంచి రుద్దితే మళ్ళీ వెలుగుతుంది. సింక్‌లో మాత్రం కడగకండి. నీలానికీ జిడ్డు పడుతుంది గానీ దాని అందం మెరుపులో కన్నా రంగులో ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు.

కొలత విషయం కూడా చూడండి. నీలం వజ్రం కన్నా బరువైన రాయి. ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం అడ్డం సుమారు 6.5 మిల్లీమీటర్లు ఉంటే, అదే బరువు నీలం దాదాపు 6 ఉంటుంది. నీలం కొనేటప్పుడు క్యారెట్ల లెక్కతోపాటు మిల్లీమీటర్లూ అడగాలి. కొన్ని నీలాలు అడుగున లావుగా కోసి ఉంటాయి. ఆ బరువుకు డబ్బు కడతాం, పైకి మాత్రం అది కనిపించదు.

వజ్రం అయితే

మన షాపుల్లో "ఈఎఫ్ వీవీఎస్" అన్నది తారకమంత్రం. రంగులో ఈ, ఎఫ్ శ్రేణి, స్వచ్ఛతలో వీవీఎస్, అంటే అతి సూక్ష్మమైన మచ్చలు మాత్రమే ఉన్న శ్రేణి అని అర్థం. మంచి రాళ్ళే, కానీ పసుపు బంగారంలో పొదిగితే ఆ తరవాతి జీ, హెచ్ రంగుకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. వీవీఎస్ కింది మెట్టు అయిన వీఎస్ శ్రేణి మచ్చలు భూతద్దం లేకుండా కనిపించవు. ఆ మిగిలిన డబ్బు కోత మీద పెట్టండి. మెరుపు వచ్చేది కోత వల్లే. కోత బాగున్న 40 సెంట్ల (0.40 క్యారెట్) రాయి, కోత సరిగా లేని 50 సెంట్ల రాయి కన్నా చేతి మీద బాగా కనిపిస్తుంది.

ఒకే రాయి అయితే జీఐఏ లేదా ఐజీఐ అనే రత్న పరీక్షా ల్యాబుల రిపోర్టు ఉన్నదే తీసుకోండి. రిపోర్టు నంబరు రాయి నడుము మీద లేజర్‌తో చెక్కి ఉంటే భూతద్దంలో చూపించమనండి, అదే నంబరు ల్యాబ్ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. చిన్న రాళ్ళ గుత్తి ఉంగరాలకు మొత్తం నగకు కలిపి ఒక కార్డు ఇస్తారు, అది ఒక్కో రాయికి విడిగా ఇచ్చేంత లోతుగా ఉండదు. గుత్తి దూరం నుంచి పెద్ద రాయిలా కనిపిస్తుంది, ధర చాలా తక్కువ. బడ్జెట్ తక్కువైతే అది తప్పేం కాదు. తిరిగి అమ్మేటప్పుడు ఆ చిన్న రాళ్ళకు పెద్దగా ఏమీ రాదని మాత్రం తెలిసి కొనాలి.

ల్యాబ్ వజ్రం కూడా వజ్రమే. అదే కార్బన్, అదే కాఠిన్యం. కౌంటర్లో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "చూడండి, డైమండ్ అని చూపిస్తోంది" అంటే అది ల్యాబ్‌దో గనిదో తేలినట్టు కాదు. ఆ పరికరం చూసేది వేడి ఎంత త్వరగా పాకుతుందో మాత్రమే. మొయిసనైట్ కూడా ఆ పరీక్ష చాలాసార్లు దాటేస్తుంది. రిపోర్టులో ల్యాబ్‌లో పెరిగినదని రాసి ఉందా లేదా అన్నదే ఆధారం. కొన్నేళ్ళుగా ల్యాబ్ వజ్రాల ధరలు బాగా పడిపోయాయి. పెద్ద రాయి చూడముచ్చటగా ఉండాలి, తిరిగి అమ్మే ఉద్దేశం లేదు అనుకునే జంటకు ల్యాబ్ మంచి ఎంపిక. "రేపటి అవసరానికి ఉంటుంది" అనుకునే ఇంట్లో అయితే ఆ డబ్బుతో బంగారం బరువు పెంచుకోవడమే మేలు. గని వజ్రం కూడా కొన్న ధరకు అమ్ముడుపోదు. బైబ్యాక్ (షాపే తిరిగి కొనడం) ఎంత శాతమో, ఏ ధర మీదో బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట మూడేళ్ళ తరవాత ఎవరికీ గుర్తుండదు.

నీలం అయితే

1981లో బ్రిటన్ రాజకుటుంబంలోకి వచ్చిన డయానా వేలికెక్కి, 2010లో ఆమె కొడుకు విలియం పెళ్ళాడిన కేట్ వేలికి వచ్చిన నీలం ఉంగరం చూసి ఇష్టపడ్డవాళ్ళు మనలోనూ ఉన్నారు. అయితే మన ఇళ్ళలో నీలం అనగానే శని గుర్తొస్తాడు. సిద్ధాంతిని అడగాలి, దిండు కింద పెట్టుకుని చూడాలి అంటారు. ఈ నమ్మకం నిజమా కాదా అన్న చర్చలోకి నేను పోను. పెళ్ళి రెండు కుటుంబాల పని. అత్తగారికి మనసులో శంక ఉంటే, ఆ తరవాత ఇంట్లో ఏం జరిగినా ఆ ఉంగరం మీదికే వస్తుంది, ఆ భారం మోయాల్సింది అమ్మాయి. కాబట్టి రెండు వైపులా పెద్దవాళ్ళతో ముందే మాట్లాడాకే నీలం కొనండి. ఆశ్చర్యంగా ఇవ్వాలన్న ఆలోచన ఈ ఒక్క రాయి విషయంలో మానుకోండి. పుష్యరాగం కూడా ఇదే జాతి రాయి, రంగు పసుపు. గురువు రాయి కాబట్టి అభ్యంతరాలు తక్కువ, పసుపు బంగారంలో బాగా ఒదుగుతుంది. నీలం మీద ఒప్పందం కుదరని ఇంట్లో దీన్ని గట్టిగా ఆలోచించవచ్చు. పుష్యరాగం పేరుతో టోపాజ్, సిట్రిన్ అంటగట్టకుండా చూసుకోవాలి.

నీలానికి వజ్రంలా అందరూ ఒప్పుకున్న శ్రేణులు లేవు. అందుకే మోసానికి చోటు ఎక్కువ. రిపోర్టులో మూడు విషయాలు వెతకండి. మొదటిది, సహజమా కృత్రిమమా. కృత్రిమ నీలం వందేళ్ళకు పైగా తయారవుతోంది, కాబట్టి "మా తాతగారి కాలం నాటిది" అన్నంత మాత్రాన జాతి రాయి అయిపోదు. రెండోది, వేడి చేశారా. మార్కెట్లో చాలా నీలాలు వేడి చేసినవే. అది నిలకడైన ప్రక్రియ, ఒప్పుకోవచ్చు, ధర మాత్రం వేడి చేయని రాయి కన్నా బాగా తక్కువ ఉండాలి. మూడోది, ఇదే అసలు చూడాల్సింది: డిఫ్యూజన్‌తో (వేడిలో బయటి మూలకాలు పట్టించి) రంగు ఎక్కించారా, పగుళ్ళలో గాజు నింపారా. గాజు నింపిన రాయి షాపులో నిగనిగలాడుతుంది. కానీ పులిహోరలో నిమ్మకాయ పిండే చేతికి అది పనికిరాదు, నిమ్మరసానికే ఆ గాజు దెబ్బతింటుంది. కంసాలి మంట తగిలినా అంతే. ఈ మాట రిపోర్టులో ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. జీఐఏ, ఐజీఐ, జైపూర్‌లోని రత్న పరీక్షా ల్యాబ్ లాంటి చోట్ల ఇచ్చిన రిపోర్టు అడగండి. షాపువాళ్ళే అచ్చు వేసుకున్న కార్డుకు విలువ లేదు.

రంగు చూడటానికి షాపు లైటు నమ్మకండి. అడిగితే గుమ్మం దాకా తీసుకెళ్ళి చూపిస్తారు. పగటి వెలుగులో ముదురు నీలంగా మురిపించిన రాయి, సాయంత్రం ట్యూబ్‌లైటు కింద నల్ల పూసలా మారితే దాన్ని తీసుకోవద్దు. నిశ్చితార్థం ఫొటోలు తీసేది హాల్ లైట్ల కిందే కదా. తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూసినప్పుడు మధ్యలో కిటికీలా కాగితం కనిపిస్తే, కోత సరిగ్గా లేదని అర్థం.

ఎవరికి ఏది

రోజూ బండి నడుపుతూ, వంట చేస్తూ, ఆఫీసుకు వెళ్ళే అమ్మాయికి నేను చెప్పేది: 18 క్యారెట్ల పసుపు బంగారం, 30 నుంచి 40 సెంట్ల గని వజ్రం, ఎత్తు తక్కువగా, చుట్టూ బంగారు పట్టీ ఉన్న పొదుగుడు. కొక్కేల ఉంగరమే కావాలంటే నాలుగుకు బదులు ఆరు ఉండేలా చూడండి. రంగు ఇష్టపడే మనిషి, పెద్దలకు అభ్యంతరం లేదు అయితే వేడి చేసిన మంచి నీలం తీసుకోవచ్చు. అదే ధర వజ్రం కన్నా పెద్దగా వస్తుంది, పది మంది ఉంగరాల మధ్య వేరుగా కనిపిస్తుంది. డబ్బు పరిమితి గట్టిగా ఉన్నచోట చవక నీలం కన్నా నిజాయితీగా బిల్లు రాసిన ల్యాబ్ వజ్రం నయం.

ఇంట్లో అమ్మ లేదా నాయనమ్మ ఏడు రాళ్ళ కమ్మలు వాడకుండా ఉంటే, అందులో నడిమి రాయి తీసి ఉంగరం చేయించడం నాకు అన్నిటికన్నా నచ్చే దారి. మూసి పొదిగిన పాత రాళ్ళ వెనక రేకు ఉండొచ్చు, బయటకు తీస్తే రంగు వేరుగా కనిపించవచ్చు. అందుకని తీసే ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. రాయి మీ కళ్ళ ముందే తీయించి, తూకం వేయించి, ఆ బరువు రాయించుకున్నాకే అప్పగించండి. కొత్త ఉంగరానికి హాల్‌మార్క్ మామూలుగానే వేయించవచ్చు.

సైజు సాయంత్రం పూట తీసుకోండి. మే నెల బెజవాడ ఎండకు వేళ్ళు కాస్త ఉబ్బుతాయి, జనవరిలో తీసిన కొలతకు బిగుసుకుంటుంది. తరవాత కోసి సైజు మారిస్తే లోపలి ముద్ర పోయే ప్రమాదం ఉంది. హెచ్‌యూఐడీ ఎక్కడ ఉందో చూపించి, అది తప్పించి కోయమని చెప్పాలి. చుట్టూ రాళ్ళున్న ఉంగరానికి సైజు మార్చే వీలే ఉండదు. శ్రావణం, మాఘం ముహూర్తాల రద్దీలో కన్నా ఆషాఢంలోనో మూఢంలోనో వెళితే కౌంటర్లో తీరికగా చూపిస్తారు. కొనడం పట్టింపు అయితే చూసి, ధరలు రాసుకుని రావచ్చు.

చివరగా కాగితాలు. ఉంగరం అవతలి ఇంటికి వెళ్ళిపోతుంది, ధర తెలియకూడదని బిల్లు మనింట్లో బీరువాలో ఉండిపోతుంది. అయిదేళ్ళకు రాయి వదులైతే ఆ పిల్ల ఏ షాపుకు వెళ్ళాలో కూడా తెలియదు. రాయి రిపోర్టు అసలు ప్రతి ఉంగరం పెట్టెతోపాటే ఇచ్చేయండి, హెచ్‌యూఐడీ నంబరు ఫోన్లో ఫొటో తీసి ఇద్దరూ దాచుకోండి. బిల్లు నిశ్చితార్థం అయ్యాక అబ్బాయి, అమ్మాయి మధ్య చేతులు మారితే చాలు, పెద్దవాళ్ళ ముందు ధర బయటపడదు.